దీపం చుట్టూ రంగుల వలయం

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "ఈ నెల డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడేవాళ్లు నలుగురున్నారు. మీరు వేరే ఏదైనా విషయం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ఏ విషయమండీ అంటే మీ ఇష్టం అన్నారు. నా ఇష్టానికి వదిలేసినందుకు ఆయన ఇప్పుడు బాధపడవచ్చు. నేను ఎంచుకున్న విషయం భౌతికశాస్త్రం. వెలుతురు తరంగమని ఎలా తెలిసింది అన్నది.

నవ్వకండి. ముప్పై ఎనిమిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడికి ఇదెందుకని మీరనుకోవడం సహజం. కారణం రెండు మాటల్లో చెప్పేది కాదు. చివరికి చెబుతాను. అది మా ఇంట్లో జరిగిన సంగతి. మా ఆవిడ కూడా ముందు వరసలో కూర్చుని ఉన్నారు. చెప్పడానికి ఆవిడ అనుమతి తీసుకునే వచ్చాను.

ముందుగా ఒక నేరం ఒప్పుకోవాలి. నేను బి.ఎస్సీ. రెండో సంవత్సరం దాకా చదివాను. నాన్నగారు పోవడంతో చదువు మానేసి ఎల్.డి.సి. ఉద్యోగంలో చేరాను. ఆ రెండో సంవత్సరంలో న్యూటన్ వలయాలు అనే ప్రయోగం ఉండేది. ఒక గాజుపలక మీద కొద్దిగా ఉబ్బుగా ఉన్న కటకం బోర్లిస్తారు. పసుపుపచ్చని సోడియం దీపం వెలుగు దాని మీద పడేటట్లు చేసి మైక్రోస్కోపులో చూస్తే, ఒకదానిలో ఒకటిగా నల్లనివీ పచ్చనివీ గుండ్రని గీతలు కనిపించాలి. నాకు కనిపించలేదు. పదిహేను నిమిషాలు కన్ను చికిలించి, వెనుక వరస తొందరపెడుతుంటే లేచిపోయి, సీనియర్ విద్యార్థి రికార్డులోంచి అంకెలు ఎత్తి రాశాను. సంతకం పడింది. తప్పుడు లెక్కకు కౌంటర్ సంతకం పడడం నా సర్వీసులో అదే మొదలు, సర్వీసు మొదలుకాక ముందే!

ఆ వలయాల విషయం యాభై ఏళ్ల తరువాత మళ్లీ నా దగ్గరకు వచ్చింది. మా మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరంలో తరంగ దృశాశాస్త్రం అనే పాఠం చదువుతూ, "తాతయ్యా, వెలుగుకు వెలుగు కలిపితే చీకటి వస్తుందట, ఎలా?" అంది. పుస్తకంలో సూత్రాలున్నాయి, మార్కులకు సరిపోతాయి. కానీ పిల్ల అడిగింది సూత్రం కాదు.

నేను కొన్నాళ్లు విశాఖపట్నంలో పనిచేశాను. ఆదివారాలు హార్బరు వైపు వెళ్లి కూర్చునేవాణ్ణి. సముద్రంలోకి రాళ్లతో కట్టిన అడ్డుకట్టలు చూసే ఉంటారు. అలలు బయట నుంచి తిన్నగా బారులు తీరి వస్తాయి. రెండు కట్టల మధ్య సందులోంచి లోపలికి రాగానే తిన్నగా పోవు. విసనకర్ర విప్పినట్లు అటూ ఇటూ విప్పుకుని, కట్ట వెనుక నీడలో ఉండవలసిన నీటిని కూడా కదిలిస్తాయి. తరంగం లక్షణం అదే. అడ్డు వస్తే దాని అంచు చుట్టి వెనక్కి పాకుతుంది. దీన్ని మన పాఠ్యపుస్తకాల్లో వివర్తనం అంటారు.

శబ్దం కూడా అంతే. వంటింట్లోంచి "ఏవండీ, పాలవాడు వచ్చాడు" అని పిలిస్తే వీధి గదిలో వినిపిస్తుంది. మాట మూల తిరిగి వచ్చింది. మనిషి మాత్రం కనిపించదు. వెలుతురు మూల తిరగలేదు. న్యూటన్ మహాశయుడి అభ్యంతరం సరిగ్గా ఇదే. వెలుగు తరంగమైతే నీడలోకి వంగాలి కదా, వంగడం లేదు గనుక అది సన్నని కణాల ప్రవాహమై ఉండాలని ఆయన మొగ్గు. హాలండ్ దేశస్థుడు హైగెన్స్ 1690లో వెలుగు తరంగమేనని పుస్తకం అచ్చు వేశాడు. 1704లో న్యూటన్ ఆప్టిక్స్ వచ్చింది. న్యూటన్ పేరు ముందు హైగెన్స్ ఫైలు వంద సంవత్సరాలు కదలలేదు. పెద్ద ఆఫీసరు ఒకసారి నోట్ రాశాక కింద వాళ్లు వేరే నోట్ పెట్టడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కరలేదు. విచిత్రమేమంటే, నేను చూడలేకపోయిన ఆ వలయాలను అతి జాగ్రత్తగా కొలిచింది న్యూటనే. సాక్ష్యం ఆయన చేతిలోనే ఉంది.

నిజానికి వెలుగు నీడలోకి వంగుతుంది. కాకపోతే ఎంత వంగుతుందనేది తరంగం పొడవు మీద ఆధారపడి ఉంటుంది. మన మాట తరంగాల పొడవు మూరల్లో, బారల్లో ఉంటుంది. గుమ్మం వెడల్పూ అంతే. అందుకని సులువుగా తిరుగుతుంది. వెలుగు తరంగం ఎంత పొడవో తెలుసా? మిల్లీమీటరు అంత జాగాలో ఆకుపచ్చ వెలుగు తరంగాలు సుమారు 1,800 పడతాయి. అంత చిన్నదానికి గుమ్మం అంటే మహాసముద్రం. అది వంగడం చూడాలంటే వెంట్రుకంత అడ్డు, సూది మొనంత సందు కావాలి. ఇటలీలో గ్రిమాల్డీ అనే మతాచార్యుడు సన్నని సూర్యకిరణంలో చిన్న చిన్న వస్తువులు పెట్టి, నీడ అంచున రంగు గీతలు చూశాడు. ఆయన పోయాక 1665లో ఆ పుస్తకం అచ్చయింది.

ఫైలు కదిలించినవాడు లండన్‌లోని ఒక వైద్యుడు, థామస్ యంగ్. ఆయనకు కంటి మీద ప్రత్యేకమైన ఆసక్తి. 1801లో తన కంటిలోనే ఉన్న వంకర చూపు లోపాన్ని కొలిచి ప్రకటించాడు. ఈనాడు మన కళ్లద్దాల చీటీలో సిలిండర్ అని రాసే అంకె ఆ లోపానికే. ఆయన కిటికీ తలుపుకు చిన్న రంధ్రం చేసి, ఆ సన్నని వెలుగుకు అడ్డంగా, అంగుళంలో ముప్పయ్యో వంతు మందం ఉన్న అట్టముక్క నిలబెట్టాడు. వెలుగు అట్టకు అటూ ఇటూ చీలి వెళ్లింది. అట్ట నీడలో చీకటి ఉండాలి. కాని నిలువు గీతలు కనిపించాయి, ఒకటి వెలుగు, ఒకటి నలుపు, ఒకటి వెలుగు. ఇప్పుడు ఒక పక్కన వెలుగును అడ్డుకుంటే ఏమవ్వాలి? సగం వెలుగు పోయింది గనుక మరింత నలుపెక్కాలి. అలా కాలేదు. గీతలే మాయమయ్యాయి. అంతకుముందు నల్లగా ఉన్న చోటికి వెలుతురు వచ్చింది! వెలుగు తగ్గిస్తే చీకటి పోయిందన్నమాట.

మా మనవరాలికి దీన్ని జమాఖర్చుల పుస్తకంతో చెప్పాను. కణాలైతే రూపాయల్లాంటివి. రూపాయికి రూపాయి కలిపితే రెండే, ఎన్నటికీ సున్నా కాదు. తరంగానికి శృంగం, ద్రోణి అని రెండుంటాయి. ఒకటి జమ, ఒకటి ఖర్చు అనుకోండి. రెండు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకచోట కలిసినప్పుడు, రెండూ జమలో ఉంటే ఎక్కువ వెలుగు. ఒకటి జమలో, ఒకటి ఖర్చులో ఉంటే నిల్వ సున్నా. ఒక దారి రెండో దారి కన్నా సరిగ్గా అర తరంగం ఎక్కువైతే ఆ సున్నా పడుతుంది. మరి ఆ వెలుగు ఎక్కడికి పోయింది అని పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. ఎక్కడికీ పోలేదు. నల్లగీతలో తగ్గిందంతా పక్కనున్న తెల్లగీతలో చేరింది. మొత్తం టాలీ అవుతుంది. ఈ లెక్క పద్ధతే వ్యతికరణం.

ఈ గీతల ఎడం నుంచి యంగ్ తరంగాల పొడవు లెక్క కట్టాడు. ఎరుపు అంగుళంలో 36,000వ వంతు, ఊదా 60,000వ వంతు అని 1807లో అచ్చు వేశాడు. ఇప్పటి యంత్రాలతో కొలిచినా ఆ దగ్గరికే వస్తుంది. ఇంతా చేస్తే ఒక స్కాట్లండ్ పత్రికలో పేరు లేకుండా చాలా దురుసైన విమర్శ వచ్చింది. ఆయన జవాబుగా ఒక కరపత్రం అచ్చు వేయించుకుంటే ఒకే ఒక ప్రతి అమ్ముడుపోయిందని ఆయనే చెప్పుకున్నాడు.

ఇక నాకు అందరికన్నా ఇష్టమైనవాడి సంగతి. ఆయన శాస్త్రవేత్త కాదు, మనలాంటి ప్రభుత్వోద్యోగి. ఫ్రాన్స్ దేశంలో రోడ్లు, వంతెనల శాఖలో ఇంజనీరు, పేరు ఫ్రెనెల్. 1815లో నెపోలియన్ మళ్లీ గద్దెనెక్కడానికి వచ్చినప్పుడు ఈయన ఎదురు పక్షంలో నిలిచాడు. ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి ఏం చేస్తాడు? మనవాళ్లయితే అప్పీళ్లు రాసుకుంటూ, కనిపించినవాళ్లందరికీ తన కేసు చెప్పుకుంటూ తిరుగుతారు, నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. ఈయన పల్లెలో తల్లిగారింటికి వెళ్లి, ఊరి తాళాలవాడి చేత పనిముట్లు చేయించుకుని, తేనెబొట్టును కటకంగా వాడుకుని, తీగ నీడలో గీతలు కొలిచాడు. మళ్లీ ఉద్యోగంలో చేరాక పై అధికారుల దగ్గర సెలవు దొరకబుచ్చుకుంటూ ఆ పని కొనసాగించాడు.

1817లో పారిస్ అకాడమీ ఈ వివర్తనం మీదే పోటీ పెట్టింది. ఈయన తన లెక్కలన్నీ పంపాడు. తీర్పరుల్లో పాయిసాఁ అనే గణిత పండితుడు ఉన్నాడు. ఆయనది కణాల పక్షం. ఈ కుర్రవాడి లెక్కను పట్టుకుని తుదిదాకా లాగి, "నీ లెక్క ప్రకారం గుండ్రని బిళ్ల నీడకు సరిగ్గా మధ్యలో వెలుగుచుక్క ఉండాలి. ఎక్కడైనా ఉంటుందా?" అని ఆక్షేపణ తీశాడు. లెక్క సరైనదే. బిళ్ల అంచు చుట్టూ వంగి వచ్చే తరంగాలన్నిటికీ నడిమధ్యకు దూరం సమానం గనుక అన్నీ జమలోనే కలవాలి. మరో తీర్పరి అరగో వాదన ఆపి, రెండు మిల్లీమీటర్ల లోహపు బిళ్ల పెట్టి చూశాడు. నీడ మధ్యలో వెలుగుచుక్క ఉంది! 1819లో బహుమానం ఫ్రెనెల్‌కే ఇచ్చారు. ఓడించడానికి తీసిన ఆక్షేపణే గెలిపించింది. ఆయన ఆ తరువాత దీపస్తంభాలకు మెట్లు మెట్లుగా ఉండే కటకాలు చేశాడు. సముద్రం మీద ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో. క్షయతో 1827లో 39వ ఏట పోయాడు. పెన్షన్ దాకా రాలేదు పాపం.

1850లో ఫూకో వెలుగు నీటిలో నెమ్మదిగా నడుస్తుందని ప్రయోగం చేసి చూపాడు. కణాల వాదం ప్రకారం వేగంగా నడవాలి. అంతటితో ఆ తగాదా తీరింది. 1905లో ఐన్‌స్టీన్ మళ్లీ కణం లక్షణం కూడా ఉందన్నాడు. అది నిజమే గాని, ఇరవై నిమిషాల్లో చెప్పడం నా తరం కాదు.

మన ఖాతాల శాఖ వారికి గర్వకారణమైన మాట ఒకటి చెప్పాలి. సర్ సి.వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. వారి నాన్నగారు అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. రామన్ అచ్చు వేసిన మొట్టమొదటి పరిశోధనా వ్యాసం, 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఈ వివర్తన గీతల మీదే. మరుసటి ఏడాది కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు తరువాత ప్రయోగశాలలో పని. 1917లో జీతం తక్కువైనా సరేనని ప్రొఫెసరుగా వెళ్లిపోయారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. మనమూ ఆఫీసు తరువాత చేశాం, పేకాట!

ఇప్పుడు మీ అందరూ చేయగల పరీక్ష ఒకటుంది. 1785లో అమెరికాలో హాప్‌కిన్సన్ అనే పెద్దమనిషి రాత్రిపూట గుమ్మంలో కూర్చుని, పలుచని పట్టు రుమాలులోంచి దూరంగా ఉన్న వీధిదీపాన్ని చూశాడు. దీపం ఒకటి కాదు, అటూ ఇటూ, పైనా కిందా వరసలుగా అనేకం కనిపించాయి. రుమాలు పక్కకు జరిపినా అవి జరగలేదు. ఆశ్చర్యపడి రిటన్‌హౌస్ అనే ఖగోళ పండితుడికి ఉత్తరం రాశాడు. ఆయన సన్నని మరగాడుల్లో వెంట్రుకలు వరసగా బిగించి, అదే వింతను కొలిచి చూశాడు. నేతలో దారాల మధ్య సందులన్నీ మన హార్బరు సందుల్లాంటివే. నల్ల గొడుగు గుడ్డలోంచి చూడండి, బాగా కనిపిస్తుంది. ఎరుపు ఎప్పుడూ బయటి వైపు, నీలం లోపలి వైపు ఉంటాయి. ఎరుపు తరంగం పొడవు ఎక్కువ గనుక ఎక్కువ వంగుతుంది. పాత పాటల సి.డి. మీద రంగులకూ ఇదే కారణం. దాని మీద గాడులు 1.6 మైక్రాన్ల ఎడంతో ఉంటాయి. ఎవరూ సూర్యుణ్ణి మాత్రం దేనిలోంచీ చూడవద్దు.

చంద్రుడికి గుడి కట్టడం మనందరికీ తెలుసు. వరదగుడి అంటాం. చంద్రుడికి దూరంగా పెద్ద చుట్టు కడితే అది పై మేఘాల్లో మంచు పలుకులు వెలుగును విరిచినందువల్ల. దానికి ఎరుపు లోపలి అంచున ఉంటుంది. చంద్రుణ్ణి ఆనుకుని చిన్నగా, ఎరుపు బయటి అంచున కడితే అది నీటి తుంపరలు చేసిన వివర్తనం. తుంపర ఎంత సన్ననిదైతే వలయం అంత పెద్దది. ఈ రెండో రకం గుడి గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తున్నాను.

2014లో, కార్తీక మాసం. మా ఆవిడ సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చి, "ఏవండీ, దీపం చుట్టూ ఇంద్రధనుస్సులా కనిపిస్తోంది" అన్నారు. నేను పేపరులోంచి తల ఎత్తకుండా, "ఇంకేం, ఈశ్వర సాక్షాత్కారం అయింది, నాక్కూడా ఓ వరం అడుగు" అన్నాను. తెల్లవారేసరికి ఏమీ లేదు. నాలుగు రోజుల తరువాత మళ్లీ, టీవీ చూస్తున్నప్పుడు, కన్ను బరువుగా ఉందన్నారు. పడుకుని లేస్తే తగ్గింది. తలనొప్పి మాత్ర వేసుకున్నారు. ఇలా నెల రోజులు. చివరికి ఒక రాత్రి కుడికన్ను, కుడి కణత పగిలిపోతున్నట్లు నొప్పి, వాంతులు. పైత్యం చేసిందనుకుని అల్లం రసం ఇచ్చాను. మర్నాడూ అంతే. కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లేసరికి రెండు రోజులు గడిచాయి.

నీటికాసులు అన్నారు డాక్టరుగారు. కంటిలో నీరు బయటకు పోయే దారి ఇరుకైన మనుషులుంటారు. మసక వెలుతురులో కనుపాప విప్పారినప్పుడు ఆ దారి ఉన్నట్టుండి మూసుకుంటుంది. కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. కంటి ముందు పొర నీరు పట్టి ఉబ్బి, అందులో సన్నని తుంపరలు ఏర్పడతాయి. నిద్రలో కనుపాప చిన్నదవుతుంది, దారి తెరుచుకుంటుంది, పొద్దున్నకు హాయిగా ఉంటుంది. అందుకే సాయంత్రాలే వచ్చేది. చంద్రుడి ముందు మేఘం చేసే పనే మా ఆవిడ కంటిలో ఆ నీరు చేసింది. ఎరుపు బయట, నీలం లోపల. ఆవిడ నాకు సరిగ్గా అలాగే చెప్పారు. ఎరుపు బయట ఉందని కూడా చెప్పారు. భౌతికశాస్త్రం రికార్డు ఎత్తి రాసినవాడికి ఆ మాట అర్థం కాలేదు.

కుడికంటి నరం దెబ్బతింది. ఆ చూపు తిరిగి రాదన్నారు, రాలేదు. ఎడమకంటికి వెంటనే లేజరుతో చిన్న రంధ్రం చేసి నీటికి దారి కల్పించారు. ఆ కన్ను నిలిచింది. ఈవేళ ఆ కంటితోనే మిమ్మల్నందరినీ చూస్తున్నారు. డాక్టరుగారిని తరువాత ఒకసారి అడిగాను, ఆ మొదటి సాయంత్రమే తీసుకువస్తే ఏమయ్యేదని. ఆయన మంచివాడు, నా మొహం చూసి, "ఇప్పుడది ఎందుకండీ" అన్నాడు. అదే జవాబు.

నేను డాక్టరును కాను. దీపం చుట్టూ చెదురు వెలుగు శుక్లం వల్ల కూడా వస్తుంది, ఏది ఏదో వాళ్లే తేల్చాలి. ఇంకొక మాట, నీటికాసుల్లో ఎక్కువమందికి వచ్చే రకంలో ఈ రంగుల వలయమూ ఉండదు, నొప్పీ ఉండదు, చూపు చుట్టుపక్కల నుంచి మెల్లగా తరిగిపోతుంది. కనుక వలయం కనపడలేదు గదా అని ఊరుకోవడానికి వీల్లేదు. అద్దాల నంబరు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు, కంటి ఒత్తిడి కూడా చూడండి అని నోరు తెరిచి అడగండి. ఇంట్లో ఆడవాళ్లవి ముందు చూపించండి. ఈ దారి మూసుకునే రకం వాళ్లలో ఎక్కువ. వాళ్లు చెప్పరు. చెప్పినా మనం పేపరులోంచి తల ఎత్తం.

సోడియం దీపం వలయాలు కిందటేడు చూశాను. మా మనవరాలి కాలేజీలో ప్రదర్శన పెడితే వెళ్లాను. మైక్రోస్కోపు మర కాస్త తిప్పి, "ఇప్పుడు చూడు తాతయ్యా" అంది. కనిపించాయి. నేను ఎత్తి రాసిన అంకెలు సరైనవో కావో తెలుసుకుందామంటే రికార్డు ఎప్పుడో పోయింది.

బయట చీకటి పడుతోంది. వీధిదీపం వెలిగినట్టుంది. వెనుక బల్ల మీద మూడు నల్ల గొడుగులు, ఒక పలుచని పట్టు కండువా పెట్టాను. కావలసినవాళ్లు వరండాలోకి రండి, ఒక్కొక్కరుగా చూద్దాం. టీ కూడా అక్కడికే తెస్తామన్నారు. గొడుగుల్లో ఒకటి మాది కాదు, పక్కింటివారిది. దయచేసి దాన్ని తిరిగి బల్ల మీదే పెట్టండి.